కొసరుగా పోయిన మనిషి

సూర్యాపేట బజారులో బేరానికి పేరు మోసినవాళ్లు చాలామందే ఉన్నారు. బెల్లం దిమ్మ దగ్గర పావలా కూడా వదలనివాళ్లు, లారీ కిరాయి సగానికి కోసి పైగా హమాలీ ఖర్చు డ్రైవర్ నెత్తినే వేసినవాళ్లు, పెళ్లి చీరల బేరంలో జాకెట్టు ముక్కలు ఊరికే కొట్టేసినవాళ్లు. అందరికీ ఒక నమస్కారం. నేను చేసింది వాళ్లలో ఎవరివల్లా కాలేదు. నేను రైలు దగ్గర మనిషిని తగ్గించాను. ఇద్దరు నిలబడే చోట ఒక్కణ్ణి నిలబెట్టి, రెండోవాణ్ణి కొసరు కింద పారేశాను. అదీ ఒక చాయ్ చల్లారేలోపు.

కొసరు సంగతి నాకు పుట్టుకతో తెలుసు. మాది కిరాణా దుకాణం. కందిపప్పు తూచి, ముల్లు నిలబడి, పొట్లం కట్టబోయే ముందు కొన్నవాడు చెయ్యి చాపి "కొసరెయ్యి" అంటాడు. మా నాయన ఎంతో బాధపడుతున్నట్టు ముఖం పెట్టి ఇంకో పిడికెడు వేసేవాడు. ఆ పిడికెడు ధరలో ముందే కలిపి ఉండేది, అది వేరే మాట. కొసరు అడగనివాణ్ణి చూస్తే మా నాయనకు అనుమానం. "వీడు పైసలిచ్చేటోడు గాదు, ఉద్దెర పెట్టేటోడు" అనేవాడు. నాకు నేర్పింది ఒకటే: కొసరు ఇచ్చేటప్పుడు మన చెయ్యి వణకకూడదు. నా చెయ్యి వణకలేదు. అదే నా కోపమంతా.

దుకాణం అన్నకు పోయాక నేను లేబర్ కాంట్రాక్టులు పట్టేవాణ్ణి. మిర్యాలగూడలో బియ్యం మిల్లుల దగ్గర బస్తాలు ఎక్కించే దించే పని. అట్లా తిరుగుతుంటే దామరచర్ల దారిలో ఒక ఫ్యాక్టరీ తగిలింది. పేరు రాయను. దానికి స్టేషన్ నుంచి సొంత పట్టాలు ఉన్నాయి. బొగ్గు వ్యాగన్లను రైల్వే స్టేషన్ దాకా తెచ్చి వదిలేస్తే, ఫ్యాక్టరీవాళ్ల చిన్న డీజిల్ ఇంజన్ వెనక నుంచి వాటిని లోపలికి నెట్టుకుంటూ పోతుంది. అంటే ఇంజన్ తోకలో ఉంటుంది. ముందు పోయేది కళ్లు లేని వ్యాగన్. దారిలో సర్కారు తుమ్మచెట్ల మధ్య ఒక వంపు, వంపు దాటాక పొలాలకు పోయే రోడ్డు ఒకటి పట్టాలకు అడ్డం. అక్కడ గేటు లేదు. గేటుకు బదులు మనుషులు. ఒకడు రోడ్డు దగ్గర జెండాలతో నిలబడతాడు. అతను డ్రైవర్‌కు కనపడడు కాబట్టి ఇంకొకడు వంపు దగ్గర నిలబడి, అక్కడి జెండాను చూసి ఇక్కడ అదే జెండా ఊపుతాడు. ఇంత చిన్న ఏర్పాటు. ఎవరికైనా అర్థమవుతుంది. నాకూ అర్థమైంది.

ఈ ఇద్దరినీ, బొగ్గు దింపే కూలీలనూ కలిపి ఒకే కాంట్రాక్టు. పాత కాంట్రాక్టర్ మీద మేనేజర్‌కు కోపం వచ్చింది, నేను పోయి కూర్చున్నాను. మేనేజర్ బయటి రాష్ట్రం మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే ఉండి తెలుగు నేర్చుకున్నాడు, బేరం అంతకంటే బాగా నేర్చుకున్నాడు. టన్నుకు ఇంత అని తేలింది. చేతులు కలపబోయే ముందు ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"అంతా బాగానే ఉంది. కొసరేమిస్తావు?"

బొగ్గులో కొసరేముంటుంది? రేటు ఇంకా దించితే నాకు మిగిలేది మసి. ఎవడైనా కొసరడిగితే ఏమీ లేదనడం మా ఇంటావంటా లేదు. అంగట్లో చూపు తిప్పినట్టు టేబుల్ మీదున్న పాత కాంట్రాక్టర్ బిల్లు మీద చూపు తిప్పాను. 'జెండా మనుషులు: ఇద్దరు' అని కనపడింది.

"జెండాకు ఒక్కడు చాలు సార్. రెండో మనిషి కూలీ బిల్లులోంచి తీసేస్త. గదే కొసరు."

"నడుస్తుందా?"

"నడిపిస్త. గిప్పుడు సెల్‌ఫోన్లొచ్చినయ్ గద."

మేనేజర్ ముఖం వెలిగింది. "కాగితం మీద రాసివ్వు" అన్నాడు. రాసిచ్చాను, నా చేత్తో, నా ఖర్చుతో టైపు చేయించి.

మర్నాడు ఇద్దరినీ పిలిచాను. వంపు దగ్గర నిలబడేవాడు పెద్దవాడు, దామరచర్లవాడే. అతనికి రేపటి నుంచి బొగ్గు దింపే పనిలోకి రమ్మన్నాను. నడుం పట్టేసిన మనిషి, ఆ పని తనవల్ల కాదని నాకూ తెలుసు, అతనికీ తెలుసు. తువ్వాలు దులుపుకొని పోయాడు. రోడ్డు దగ్గర నిలబడేవాడిది పాలకీడు వైపు, గొర్ల కాపరుల ఇల్లు. నేను చెప్పిందంతా విని నవ్వాడు.

"మందకే ముంగట ఒకడు, ఎనక ఒకడు ఉంటం సేటు. గిది రైలాయె."

"రైలు గొర్రెలెక్క చెదరదురా. పట్టాల మీదనే పోతది."

"పట్టాల మీద పోతదనే గద భయం. గొర్రెనైతే అదిలిస్తే పక్కకన్న పోతది."

అతని చేతిలో సెల్‌ఫోన్ పెట్టాను.

ఆ ఫోన్లు రెండూ కోదాడలో మా బామ్మర్ది షాపులోవి. కొత్త డబ్బాల్లో పాత ఫోన్లు. సెల్‌ఫోన్ అప్పుడప్పుడే కూలిమనిషి జేబులోకి దిగుతున్న రోజులు. అందరం ఒకరికొకరం మిస్డ్ కాల్స్‌తోనే బతుకుతున్నాం. 'బస్సు దిగాను' అంటే ఒక మిస్డ్ కాల్, 'అన్నం పెట్టు' అంటే రెండు. నా బుర్ర అక్కడే వెలిగింది. రోడ్డు మీద ఏదైనా అడ్డముంటే జెండా మనిషి ఇంజన్ డ్రైవర్‌కు మిస్డ్ కాల్ ఇవ్వాలి. డ్రైవర్ చొక్కా జేబులో ఫోన్ వణకగానే బండి ఆపాలి. ఎత్తకూడదు, ఎత్తితే రూపాయి. ఏమీ అడ్డం లేకపోతే ఏ కాలూ రాదు, బండి పోతూనే ఉంటుంది. రైలు ఆగే ఖర్చును సున్నాకు తెచ్చినవాణ్ణి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే.

డ్రైవర్ రైల్వేలో రిటైరై వచ్చిన పెద్దాయన, గుంటూరు వైపు మనిషి. ఫోన్‌ను అరచేతిలో పెట్టుకొని తేలును చూసినట్టు చూశాడు.

"ఏమండీ సేటుగారూ, మీకు తెలుసో తెలీదో. జెండా కనపడకపోతే బండి ఆగాలి. అదీ రైలు పద్ధతి. మీరేంటి, ఏమీ రాకపోతే పొమ్మంటున్నారు?"

"ప్రతిసారీ కాల్ కోసం చూస్తే లేటైతది పెద్దాయనా. వ్యాగన్లు లేటైతే రైల్వేకు గంటల లెక్కన డెమరేజ్ కట్టాలె."

"మేం బొగ్గింజన్ల మీద ముగ్గురం ఉండేవాళ్లం. డీజిల్ వచ్చాక ఇద్దరం, వెనకాల గార్డు. అందులో ఒక్కడు తగ్గినా స్టేషన్ మాస్టరు బండి కదలనిచ్చేవాడు కాదు. ఇక్కడికొచ్చాక ఇంజన్లో నేనొక్కణ్ణే. ఇప్పుడు వంపు దగ్గరోణ్ణి కూడా తీసేశారు. రేపు నన్నూ తీసేసి ఇంజనుకే మిస్డ్ కాల్ ఇస్తారేమో!"

అందరం నవ్వాం. ఆయన నవ్వలేదు. మేనేజర్ దగ్గరకు పోయి, రిటైరైన డ్రైవర్లు ఇంకా చాలామంది ఉన్నారన్న మాట విని, తిరిగొచ్చి ఇంజన్ ఎక్కాడు. నాకు రూలు చెప్పినవాడు ఆయన ఒక్కడే. ఆ రూలు ఏ కాగితం మీద ఉందని నేను అడగలేదు. మా బజారులో రూలు చెప్పేవాడు రేటు పెంచడానికే చెబుతాడు.

ఏడు నెలలు నడిచింది. బాగానే నడిచిందని అప్పుడు చెప్పుకున్నాను. మధ్యలో ఒకసారి డ్రైవర్ కూతురు గుంటూరు నుంచి నాన్నకు మిస్డ్ కాల్ ఇస్తే బొగ్గు వ్యాగన్లు తుమ్మచెట్ల మధ్య అరగంట నిలబడ్డాయి. ఇంకోసారి కస్టమర్ కేర్‌వాళ్లు పాట పెట్టుకోమని ఫోన్ చేస్తే ఆగాయి. ఈ కథలు కోదాడలో మా అత్తగారింటి పెళ్లిలో చెప్పి అందరినీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వించాను. "మా బావ రైలునే మిస్డ్ కాల్ మీద నడుపుతుండు!" అని బామ్మర్ది ఊరంతా చెప్పాడు. నేను వద్దనలేదు.

జూలై ఆఖరులో ఆ ఫోన్లలో రీచార్జి గడువు అయిపోవస్తోందని బామ్మర్దే గుర్తు చేశాడు. వెంటనే, "కానీ ఆగండి బావా, పంద్రాగస్టుకు ఫుల్ టాక్ టైం వస్తది. ఇప్పుడు వేయిస్తే సగం వాళ్లకే పోద్ది" అన్నాడు. ఆగాను. మిస్డ్ కాల్‌కు డబ్బెందుకు, ఖర్చు కాని కాల్‌కు గడువేమిటి అనుకున్నాను. గడువు దాటితే ఆ ఫోన్ నుంచి ఒక్క రింగు కూడా పోదని నాకు తెలియదు. బామ్మర్దికి తెలుసు. ఆ ఫోన్లతో నేను నిజంగానే రైలును ఆపుతున్నానని అతను అనుకోలేదట. పెళ్లిలో చెప్పింది జోకనుకున్నాడట.

నాట్లు జోరుగా సాగుతున్న రోజులు. పొద్దున్నే నాటు కూలీలతో నిండిన ఆటో ఒకటి పొలాలకు పోతూ సరిగ్గా పట్టాల మీద ఆగిపోయింది. ఆ ఆటోల్లో ఆడవాళ్లు ఎట్లా కూర్చుంటారో చూసినవాళ్లకు తెలుసు. లోపల కొందరు, డ్రైవర్‌కు చెరోవైపు కొందరు, వెనక కాళ్లు బయటకు వేలాడేసి కొందరు. అందులోంచి దిగడం అంటే ముడి విప్పడం. జెండా మనిషి ఎర్రజెండా ఎత్తాడు, అలవాటుకొద్దీ. జెండాను చూడటానికి వంపు దగ్గర ఎవరూ లేరు. ఫోన్ తీసి నొక్కాడు. రింగుకు బదులు ఎవరో అమ్మాయి మాట్లాడింది. అవుట్‌గోయింగ్ సౌకర్యం నిలిపివేయబడిందని, ముందు తెలుగులో, తర్వాత ఇంగ్లీషులో. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే అమ్మాయి. వ్యాగన్ల చప్పుడు దగ్గరికొస్తోంది.

ఫోన్ పారేసి, జెండా పట్టుకొని, వంపు వైపు పరుగెత్తాడు. పట్టాల పక్క కంకర మీద, వస్తున్న వ్యాగన్లకు ఎదురుగా, వాటి పక్క నుంచి. డ్రైవర్‌కు కనపడే చోటు దాకా పోయి జెండా ఊపాడు. డ్రైవర్ చూశాడు, బ్రేకు వేశాడు. ముందు వ్యాగన్ ఆటోకు రెండు బారల దూరంలో ఆగింది. ఆడవాళ్లందరూ బతికారు. జెండా ఊపుతూ కంకర జారి పడ్డవాడి కుడి పాదం మాత్రం పట్టా మీదికి పోయింది. చక్రం అప్పటికి ఇంకా ఆగలేదు.

అతను పడిన చోటు చూడటానికి ఆ సాయంత్రం పోయాను. వంపు దగ్గరి పెద్దమనిషి ఏడు నెలల కిందటి దాకా రోజూ నిలబడిన చోటది. రెండో మనిషి చోటు. ముందు చోటు నుంచి వెనక చోటుకు పరుగెత్తి, ఒక్కడే ఇద్దరి పనీ చేశాడు.

ఫ్యాక్టరీవాళ్లు రిపోర్టు రాశారు. నాలుగు లైన్లు. అందులో ఒక లైను నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది: 'జెండా కార్మికుడు తనకు కేటాయించిన విధిస్థలాన్ని అనుమతి లేకుండా విడిచి పరుగెత్తినందున ప్రమాదానికి గురయ్యాడు.' అనుమతి! ఎవరి దగ్గర తీసుకోవాలి అనుమతి? ఫోన్లోని అమ్మాయి దగ్గరా?

తప్పు అతనిదని తేలితే కార్మికుల నష్టపరిహారం రాకుండా చూడొచ్చు. వస్తే అది తిరిగి తిరిగి నా మీదే పడుతుంది, కాంట్రాక్టర్‌ను కాబట్టి. మేనేజర్ నా ముందు ఆ కాగితం పెట్టి, అతనితో వేలిముద్ర వేయించుకురా, చేతిలో ఏదైనా పెట్టు, కాంట్రాక్టు నీకే ఉంటుంది అన్నాడు. నేను పోయాను. దాచేదేమీ లేదు, బేరానికే పోయాను.

మిర్యాలగూడలో ప్రైవేటు దవాఖాన. అతను నిద్రపోతున్నాడు, మందుల మత్తు. మంచం పక్కన అతని భార్య బత్తాయి వలుస్తోంది. నన్ను చూసి స్టూలు జరిపింది. నేను మర్యాదలన్నీ చేసి, దేవుడి దయ అనీ, ప్రాణం దక్కిందనీ చెప్పి, మెల్లగా కాగితం తీశాను.

"నలభై వేలు ఇస్త చెల్లె. దవాఖాన ఖర్చు వేరే, అది నాదే. కోర్టులు ఆఫీసులు అంటే మీకే పరేషాన్."

ఆమె తొన ఒకటి తీసి పక్కన పెట్టింది.

"గా కాగితంల ఏమున్నది సేటూ?"

"ఏముంటది, జరిగిందే."

"సదువు."

చదివాను. 'అనుమతి లేకుండా' అన్న రెండు మాటలూ గబగబా దాటించాను. ఆమె విన్నది.

"నలభై అంటివి గద. యాభై వరకు వస్తవ్, నాకెరుకే. సరే, గది ఆనక మాట్లాడుదం. కొసరేమిస్తవ్?"

"కొసరా?"

"కొసరే. మా ఆయన చెప్పిండులే, గా పెద్దమనిషిని నువ్వు కొసరు కింద పోగొట్టినవంట గద. మాక్కూడ గావాలె కొసరు. ఆయన జాగల రేపటి సంది ఎవడు నిలవడుతున్నడో తెలుసా నీకు? మా మరిది. మీ మేనేజర్ సారు నిన్ననే పిలిపిచ్చిండు. ఒక్కడే నిలవడాలెనంట. గాడ ఇంకో మనిషిని పెట్టు. గదే నా కొసరు."

నేను లెక్క వేశాను. అబద్ధమెందుకు, ఆ స్టూలు మీద కూర్చొనే లెక్క వేశాను. ఈమె వేలిముద్ర వేయిస్తే కాంట్రాక్టు నాది, అప్పుడు రెండో మనిషిని నా జేబులోంచి అయినా పెట్టగలను. వేయించకపోతే, నేను లేబర్ ఆఫీసులో నిజం చెబితే, అతనికి పరిహారం వస్తుంది, కాంట్రాక్టు పోతుంది, అక్కడ మనిషిని పెట్టే అధికారం నాకుండదు.

అదే ఆమెకు చెప్పాను. "చూడు చెల్లె, రెంట్ల ఒకటే అయితది. ఏది గావాలెనో చెప్పు."

"రెండు గావాలె."

"అట్లెట్లయితది?"

"నన్నడుగుతవేంది? బేరం నీ పని గద. చెయ్యి."

మంచం మీద అతను కదిలాడు. ఆమె బత్తాయి పళ్లెం నా వైపు జరిపి, "తిను సేటూ. గిది ఉత్తగనే" అంది.

మర్నాడు మేనేజర్ గదిలో నా జీవితంలోకెల్లా గట్టి బేరం ఆడాను. రెండో మనిషి కూలీ నేనే పెట్టుకుంటాను అన్నాను. ఫ్యాక్టరీకి పైసా ఖర్చు లేదు. ఫోన్లు తీసేస్తాను. అతని పరిహారానికి మీరు అడ్డం పడకండి, అది కూడా నా బిల్లుల్లోంచే కోసుకోండి. ఊరికే ఇస్తున్నాను సార్, ఒక మనిషిని ఊరికే ఇస్తున్నాను అన్నాను.

ఆయన చిన్నపిల్లవాడికి చెప్పినట్టు చెప్పాడు.

"ఇప్పుడు ఇద్దరిని పెడితే, అప్పుడు ఒక్కడు చాలలేదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది కదా. కేసు తేలేదాకా ఒక్కడే ఉండాలి. తేలాక కూడా ఒక్కడే ఉండాలి."

దుకాణంలో పుట్టి పెరిగాను. పుచ్చు పప్పు అంటగట్టాను, తడి బియ్యం అంటగట్టాను. ఊరికే ఇస్తానన్న వస్తువును వద్దన్నవాణ్ణి ఆ రోజే చూశాను. టేబుల్ మీద పేపర్‌వెయిట్ చేతిలోకి తీసుకున్నాను. ఎందుకో నాకే తెలియదు. మళ్లీ పెట్టేశాను. ఆయనకు కోపం రాలేదు, అదీ నా ఒళ్లు మండించింది. మనిషి పాదం పోయిన చోట ఇంకో మనిషిని నిలబెట్టకపోవడానికి ఆయనకు కారణం ఉంది, ఆ కారణం ఇస్త్రీ చేసినట్టు నలగకుండా ఉంది.

వేలిముద్ర నేను వేయించలేదు; వాళ్లు లేబర్ ఆఫీసులో పరిహారానికి దరఖాస్తు పెట్టారు, వంతు వచ్చేసరికి చలికాలమైంది. ఆఫీసరు చెడ్డవాడు కాదు. ఫైలంతా చదివాడు. ఫ్యాక్టరీ వకీలు లేచి, రైల్వే రూళ్లు రైల్వే పట్టాలకే, ఇవి మా సొంత పట్టాలు, స్టేషన్ హద్దు దాటాక ఆ రూళ్లు రావు అన్నాడు. ఆఫీసరు నా వైపు తిరిగాడు.

"ఒప్పందంలో ఏమనుంది? 'తగినంతమంది సిబ్బంది' అని ఉంది. ఇద్దరు ఉండాలని ఎక్కడుందయ్యా?"

తగినంత! ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్రలో కూడా పళ్లు నూరే జబ్బు పట్టుకుంది. మా దుకాణానికి వచ్చి ఎవడైనా 'తగినంత' చక్కెర ఇమ్మంటే ఎంత తూస్తాం? ఇచ్చేవాడి బుద్ధిని బట్టి తూస్తాం. తూకపు రాయి మీద అంకె లేకపోతే తూనికల ఇన్‌స్పెక్టర్ వచ్చి జరిమానా వేస్తాడు, మా నాయనకు ఒకసారి వేశాడు కూడా. కిలో రాయి అంచు అరిగిందని! పప్పు తూచే రాయికి అంచు అరగకూడదు. రైలు నడిపే చోట మనుషులెంతమందో చెప్పడానికి మాత్రం అంకె అక్కర్లేదు, 'తగినంత' చాలు. ఈ మాట రాసినవాడు ఎవడో గాని, నాలాంటివాడు ఒకడు పుడతాడని తెలిసే రాశాడు. ఆ మాటలో నేను దూరడానికి సరిపడా సందు వదిలాడు. 'ఇద్దరు' అని ఉంటే ఆ రోజు మేనేజర్ ముందు నేను వేరే కొసరు వెతుక్కునేవాణ్ణి. బొగ్గు బుట్టలు ఇచ్చేవాణ్ణి. చలివేంద్రం పెట్టిస్తాననేవాణ్ణి. మనిషి జోలికి పోయేవాణ్ణి కాదు, పోనిచ్చేవాళ్లు కాదు.

ఇదంతా అక్కడ అనలేదు. ఆఫీసరుకు జవాబు మాత్రం చెప్పాను.

"రాసి లేదు సార్. నాకంటే ముందు ఇద్దరుండిరి. ఒకడు రోడ్డు కాడ, ఒకడు వంపు కాడ. రెండోవాణ్ణి నేనే తీసిన. అతడు జాగ ఇడిసి పోలె. నేను ఖాళీ చేసిన జాగలకు పోయిండు."

వకీలు, "ఇది కాంట్రాక్టర్ స్వయంగా ఒప్పుకున్న తప్పు, నోట్ చేసుకోవాలి" అన్నాడు, చాలా సంతోషంగా. నా సొంత కాగితం, టైపు చేయించి ఇచ్చింది, పైకి తీశాడు. చంకన కర్ర పెట్టుకొని గోడకు ఆనుకొని నిలబడినవాడు నన్ను చూశాడు. మొహంలో కృతజ్ఞతా లేదు, కోపమూ లేదు. బయటికొచ్చాక అతనన్నది ఒకటే మాట.

"ఇంత మాట ముందుగాలనే అంటే అయిపోవు గద సేటు."

పరిహారం వచ్చింది. ఆర్డరు ఏమిటంటే, ఫ్యాక్టరీ కట్టాలి, కట్టి కాంట్రాక్టర్ దగ్గర రాబట్టుకోవచ్చు. ఫ్యాక్టరీ ఒక చేత్తో చెక్కు రాసింది, ఇంకో చేత్తో నా బిల్లులూ డిపాజిట్టూ పట్టేసుకుంది. చాలని దానికి నోటీసు పంపింది. జనగాం రోడ్డులో ఉన్న ప్లాటు అమ్మాను. కాంట్రాక్టు ఇంకొకరికి పోయింది. కొత్త కాంట్రాక్టర్‌ను వెతుక్కుంటూ పోయి, రెండో మనిషిని పెట్టుకో, కూలీ నెలనెలా నేనిస్తా అన్నాను. నాకు పిచ్చి పట్టిందనుకున్నాడు. "నీకేం లాభం?" అని మూడుసార్లు అడిగాడు. లాభం చెప్పలేకపోయాను. లాభం చెప్పలేనివాడి మాట ఎవడు నమ్ముతాడు, నేనైనా నమ్మను.

ఆమెకు పోయి చెప్పాను, ఒకటే అయింది, రెండోది నావల్ల కాలేదని. పాలకీడులో వాకిట్లో కూర్చొని బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు.

"నీ వల్ల గాదని దవాఖానలనే ఎరుక. మా మరిదిని నేనే బంద్ జేపిచ్చిన. కోదాడకు తోలిన, లారీ టైర్ల షాపుకు. గిప్పుడు గాడ మోతె దిక్కు పిలగాడు నిలవడుతున్నడంట, పెండ్లి కూడ గాలేదు."

"వానిదగ్గర ఫోనున్నదా?" అని అడిగాను.

"ఉంటది. మస్తు మంచి ఫోనంట."

ఇక బిల్లు. తూకం దగ్గర మోసం చేశాను గాని కూడికల దగ్గర ఎప్పుడూ చేయలేదు.

రెండో మనిషి కూలీ నెలకు రెండువేల నాలుగు వందలు. ఏడు నెలలకు పదహారువేల ఎనిమిది వందలు మిగిలింది. నాకు కాదు, ఫ్యాక్టరీకి. నేను కట్టినవి: పరిహారం, వడ్డీతో కలిపి లక్షా అరవై రెండు వేలు. దవాఖానకు యాభై ఎనిమిది వేలు. వకీలుకు పద్నాలుగు వేలు. మొత్తం రెండు లక్షల ముప్పై నాలుగు వేలు. ఆ డబ్బుతో రెండో మనిషిని ఎనిమిదేళ్ల నెలన్నర ఆ వంపు దగ్గర నిలబెట్టవచ్చు. నిలబెట్టలేదు. కుడి పాదం ఒకటి. అది నా ఖర్చులో రాసుకునే హక్కు నాకు లేదు, పెట్టినవాడు అతను. ఫ్యాక్టరీ ఖర్చు ఏమీ లేదు. వాళ్లకు మిగిలేది మాత్రం నెలనెలా ఒక మనిషి కూలీ, ఈ నెలది కూడా.